నీరు తీసే మాత్ర కిడ్నీలను పాడుచేస్తుందా?

"నీరు పోయే బిళ్లలు వాడితే కిడ్నీలు పోతాయి." ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడకకొచ్చే పెద్దవాళ్లలో ఈ మాట గట్టిగా పాతుకుపోయింది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు కాళ్ల వాపు తగ్గగానే డాక్టరుకు చెప్పకుండా మాత్ర మానేస్తున్నారు. ఆ తర్వాత ఏమవుతుందో తార్నాకలో ఇలాంటి మనిషి ఉన్న ఏ ఇంటినడిగినా చెబుతారు. నాలుగైదు రోజులకు చెప్పులు బిగుతవుతాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. ఒక్క దిండుతో పడుకునే మనిషికి మూడు కావాల్సొస్తాయి. ఓ అర్ధరాత్రి పడుకోలేక మంచం అంచున కూర్చుని, కిటికీలు తెరవమంటూ ఊపిరి కోసం అల్లాడిపోతారు. పక్కనే బల్ల మీద మాత్రల షీటు సగం వాడకుండా పడి ఉంటుంది.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదని ఇప్పుడు చాలామందికి తెలుసు. తెలియనిది కిడ్నీల సంగతే. గుండె సరిగా పంప్ చేయకపోతే కిడ్నీలకు రక్తం తక్కువ అందుతుంది. ఒంట్లో నీరు తగ్గిపోయిందనుకుని అవి ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వవు. ఆ నీరే కాళ్లలో, పొట్టలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఫ్యూరోసమైడ్, అంటే చాలా ఇళ్లలో లాసిక్స్ పేరుతో కనిపించే మాత్ర, ఆ ఉప్పును మూత్రంలోకి పంపుతుంది. ఉప్పు వెంట నీరూ పోతుంది. మాత్ర మానేస్తే నీరు నిండి సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి కిడ్నీల మీదే పడుతుంది. కిడ్నీలను కాపాడుకుందామని మాత్ర మానినవాళ్లు వాటికే చేటు తెచ్చుకుంటున్నారు.

మాత్ర మొదలుపెట్టాక, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, మే నెల ఎండలకు ఒళ్లు శోషించినప్పుడు డోసు తగ్గించాల్సి రావచ్చు. అది రక్తపరీక్ష చూసి డాక్టరు తేల్చాల్సిన విషయం. కిడ్నీల గురించి ఇంత భయపడేవాళ్లు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్‌ల జోలికి మాత్రం ఎందుకు వెళ్తున్నారు? హార్ట్ ఫెయిల్యూర్‌లో కిడ్నీలను దెబ్బతీసేవీ, ఒంట్లో నీరు నిలిపేవీ అవే.

"గుండె ఎకో పరీక్ష బాగానే వచ్చింది, ఇంక మందులెందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో గుండె కండరం జబ్బు నుంచి కోలుకున్న 51 మందిపై జరిపిన అధ్యయనంలో, మందులు ఆపినవారిలో 44 శాతం మందికి ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. "షుగర్ లేని నాకు షుగర్ మాత్ర రాశారు" అని డాపాగ్లిఫ్లోజిన్ పక్కన పెట్టేస్తున్నారు. షుగర్ లేకపోయినా హార్ట్ ఫెయిల్యూర్‌లో అది మేలు చేస్తుందని 2019లోనే తేలింది. మామూలు ఉప్పుకు బదులు వాడే సైంధవ లవణమూ సోడియమే. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. గుండెకు స్పైరనోలాక్టోన్ అనే మాత్ర వాడేవాళ్లకు అది ప్రమాదం.

"ఇది మా వంశంలోనే ఉంది" అనే మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. తార్నాక దాటగానే వచ్చే సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మరికొన్ని సంస్థలతో కలిసి 2009లో ఒక విషయం ప్రచురించారు. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 బేస్‌ల చిన్న ముక్క లోపించిన మార్పు మన ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉంది. వాళ్లకు నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువ. అయినా ఆ మార్పు ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. అదుపులో లేని బీపీ, షుగర్, ఎప్పుడో వచ్చిన గుండెపోటు వల్ల గుండె దెబ్బతిన్నవాళ్లూ ఎందరో ఉన్నారు. ఇంట్లో ఒకరికి గుండె కండరం జబ్బు ఉంటే తోబుట్టువులూ పిల్లలూ ఒకసారి ఎకో చేయించుకోవాలి.

ఇక ఉప్పు సంగతి. క్యాంపస్ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులనే రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటోంది. అంటే ఒక చెంచాడు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ అన్నీ ఆ లెక్కలోవే. గుండె జబ్బు కుదురుగా ఉన్నవాళ్లు నడక మానక్కర్లేదు. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందే బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. పడుకుంటే ఊపిరాడకపోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి చేయండి.