నీళ్లొచ్చేలోపు జ్యూగ్మా

ఫోన్‌లో స్క్రోల్ చేస్తుంటే ఒక మొహం ఆపేసింది. చిన్న చిన్న రంగురాళ్లతో చేసిన అమ్మాయి బొమ్మ. చెదిరిన జుట్టు, ఎటు జరిగినా మనల్నే చూస్తున్నట్టుండే కళ్లు. 'జిప్సీ పిల్ల' అంటారు. అసలు ఎవరి బొమ్మో ఎవరికీ తెలీదు. దొరికింది మాత్రం టర్కీలో, యూఫ్రటిస్ ఒడ్డున ఉన్న జ్యూగ్మాలో.

గ్రీకులో జ్యూగ్మా అంటే కలిపి కట్టేది. అంటే వంతెనే. అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ క్రీ.పూ. 300 ప్రాంతంలో ఇక్కడ రెండు ఊళ్లు కట్టించాడు. పడమటి ఒడ్డున తన పేరుతో సెల్యూసియా, తూర్పున భార్య పేరుతో అపామియా. తర్వాత రోమన్లొచ్చారు. తూర్పు సరిహద్దు కదా, ఒక లీజియన్‌ని, అంటే వేల మంది సైన్యాన్ని, ఇక్కడే ఉంచారు. సైన్యం ఉంటే జీతాలుంటాయి, రేవు ఉంటే సరుకులుంటాయి. సంచులకీ ఉత్తరాలకీ వేసిన మట్టి సీళ్లు ఇక్కడ వేలకొద్దీ దొరికాయి. మన పార్సిల్ మీద సీల్ లాంటివే అనుకోండి! ఆ డబ్బుతోనే నదికి ఎదురుగా మేడలు లేచాయి, గచ్చు మీద మొజాయిక్‌లు పరుచుకున్నాయి. 3వ శతాబ్దం మధ్యలో పర్షియా రాజు షాపూర్ సేనలు ఊరిని తగలబెట్టాయి.

రెండో దెబ్బ 2000లో. కింద బిరేజిక్ డ్యామ్ కట్టారు, నీళ్లు పైకి రావడం మొదలైంది. మా ఆఫీసులో డెడ్‌లైన్ అంటే బతిమాలితే రెండు రోజులు జరుగుతుంది. ఇక్కడ బతిమాలడానికి ఎవరున్నారు? అమెరికా నుంచి ప్యాకర్డ్ సంస్థ 50 లక్షల డాలర్లిచ్చింది. తవ్వకందార్లు ఎండలో పరుగులు పెట్టి మొజాయిక్‌లని లేపారు. యుద్ధదేవుడు మార్స్ కంచు విగ్రహం ఆ ఏడాదే బయటపడింది.

మనకిది కొత్త కథ కాదు. ఇక్ష్వాకుల విజయపురి నాగార్జునసాగర్ కింద మునిగింది. రోమన్ బంగారు నాణేలు దొరికిన ఊరే అది కూడా! మనవాళ్లూ ఇలాగే ముందే తవ్వి, కట్టడాల్ని కొండ మీదికి చేర్చారు.

జ్యూగ్మా మొజాయిక్‌లు ఇప్పుడు గాజియాన్‌టెప్ మ్యూజియంలో ఉన్నాయి. 2011లో తెరిచారు. జిప్సీ పిల్ల చుట్టూ ఉండాల్సిన భాగాల్ని మాత్రం దొంగలు ఎప్పుడో కోసుకుపోయారు. వాటిలో 12 ముక్కల్ని 1965లో ఒక అమెరికన్ యూనివర్సిటీ కొనుక్కుంది, అవి వేరే ఊరివనుకుని. 2018లో తిరిగొచ్చాయి.

జ్యూగ్మాలో ఎత్తు మీదున్న భాగం ఇంకా ఒడ్డునే ఉంది, చూసి రావచ్చు. అవతలి గట్టున అపామియా మాత్రం పూర్తిగా నీళ్లలోనే.