కెంటకీ యంత్రములు – శాక్రమెంటో సేవ

విమానవాహక నౌకలకు నడిసముద్రమున చమురు, మందుగుండు, ఆహారము అందించు నౌక వేగమున వాటికి వెనుకబడరాదు. అమెరికా నౌకాదళపు 'శాక్రమెంటో' 26 నాట్ల వేగముతో పయనించెడిది. అంతటి శక్తి దానికెట్లు లభించినదో విచారింపగా మాకు ఆశ్చర్యము కలిగినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్మాణమారంభించి, పూర్తిచేయక విడిచిన యుద్ధనౌక 'కెంటకీ'. 1956లో ఢీకొని దెబ్బతిన్న సోదరనౌక 'విస్కాన్సిన్'కు దీని ముందుభాగమును కోసి అతికించిరి. 1958లో మిగిలిన ఓడను పాత ఇనుముగా అమ్మిరి. ఆవిరి టర్బైన్లను మాత్రము దాచిరి. అవియే సగము శాక్రమెంటోకు, సగము 'కామ్డెన్'కు చేరినవి. తన శక్తితో ఒక్క మైలైనను పయనింపని ఓడ యంత్రములు శాక్రమెంటోను 1964 నుండి 2004 వరకు నడిపినవి!

ఈ పొదుపునకు మూల్యము లేకపోలేదు. ఆవిరి యంత్రములకు బాయిలర్లు, గొట్టములు, వాటిని కనిపెట్టు సిబ్బంది అధికముగా కావలెను. 1994లో సేవలో ప్రవేశించిన 'సప్లై' నౌకకు గ్యాస్ టర్బైన్లు అమర్చిరి.