తుపాకి కొనే ముందు నేర్వవలసిన పాఠాలు

అడవి అంచు పల్లెల్లో వేరుశనగ కాయ పట్టే రోజులు వచ్చాయంటే రైతుకు కంటి మీద కునుకు వుండదు. ఒక్క రాత్రిలో అడవిపందుల మంద చేనంతా తవ్విపోసి పోతుంది. పొలాల మధ్య ఒంటరిగా వున్న ఇళ్లకు దొంగల భయం సరేసరి. "ఇంట్లో ఒక తుపాకి వుంటే బాగుండును" అనే మాట రచ్చబండ మీద తరచు వినిపించేదే. అయితే అది తేలిక వ్యవహారం కాదు.

లైసెన్సు లేనిదే నేరం

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర వుంచుకోవడం శిక్షార్హమైన నేరం. నాటు తుపాకికీ మినహాయింపు లేదు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ జరుగుతుంది. 2016 నియమావళి ప్రకారం భద్రతా శిక్షణ పొందాలి. పంట కాపలా లైసెన్సు వున్నంత మాత్రాన జంతువులను చంపే హక్కు రాదు. అందుకు 1972 నాటి వన్యప్రాణి చట్టం అడ్డు వస్తుంది. పెళ్లి ఊరేగింపుల్లో సరదాగా గాలిలోకి పేల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

రైఫిల్ సంగతి వేరు

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు వుంటాయి. వాటివల్ల గుండు గిర్రున తిరుగుతూ సూటిగా, బహుదూరం పోతుంది. ఎన్.సి.సి. కుర్రవాళ్లు నేర్చుకునే చిన్న .22 రైఫిల్ గుండు సైతం కిలోమీటరుకు మించి పోగలదు. గురి తప్పితే ఆ గుండు పొరుగు చేలో మనిషికో, పక్కవీధి ఇంటికో తగలవచ్చు.

అందుకే కొత్తవారికి మొదటి పాఠం కాల్చడం కాదు, కాల్చకుండా వుండడం. ప్రతి తుపాకిలోనూ గుండు వున్నట్లే భావించాలి. గొట్టాన్ని మనిషి వైపు తిప్పరాదు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోరాదు. ఎదుట వున్నదేమిటో, దాని వెనుక ఏమున్నదో చూడనిదే కాల్చరాదు. చీకట్లో పొద కదిలింది గదా అని కాలిస్తే పందికి బదులు తోటి కాపలాదారు కూలవచ్చు.

తుడిచే ముందు మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కు లాగి, గది ఖాళీగా వున్నదో లేదో కంటితో చూడాలి, వేలితో తడమాలి. తుపాకి ఒక పెట్టెలో, తూటాలు మరొక పెట్టెలో తాళం వేసి వుంచాలి. పిల్లలున్న ఇంట్లో గోడకు తగిలించిన తుపాకి దొంగ కంటె ప్రమాదం.

దొంగను కాల్చవచ్చునా?

ఆత్మరక్షణ హక్కును 2023 నాటి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు చెబుతున్నాయి. అవసరానికి మించి హాని చేయరాదన్నది అందులో ముఖ్య సూత్రం. ప్రాణం మీదికి వచ్చినవాడిని ఎదిరించడం వేరు, పారిపోతున్న దొంగను వెనుకనుంచి కాల్చడం వేరు. రెండవదానికి కోర్టులో జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

కనుక గట్టి తలుపు, గడప ముందు దీపం, మొరిగే కుక్క, కేకేస్తే పలికే ఇరుగుపొరుగు, 112 నెంబరు - ఇవి ముందు. తుపాకి ఆఖరు మాట. అది కూడా నేర్చినవాడి చేతిలోనే.