చేతిపెట్టెలో ఇమిడే టైపు మిషను

హైదరాబాదులోని బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతములలో ఒకప్పుడు టైపు శిక్షణాలయముల నుండి టకటకమను ధ్వని వినబడుచుండెడిది. లోయరు, హయ్యరు పరీక్షలకు విద్యార్థులు సాధన చేసిన మిషనులు బరువైనవి, బల్ల మీద నుండి కదలనివి. పెట్టెలో పెట్టి చేత పట్టుకొని పోదగినవి వేరొక తెగ. వీనిని పోర్టబుల్ టైపు మిషనులందురు. కంప్యూటర్లు వచ్చిన పిదప ఇవి అటకల మీదికిని, పాత సామానుల అంగళ్లకును చేరినవి. కొందరు వీనిని వెదకి కొని, బాగుచేసి, నేటికిని వాడుచున్నారు.

బరువు తగ్గించుటకు నిర్మాతలు పలు ఉపాయములు పన్నిరి. 1912లో వచ్చిన కరోనా-3లో క్యారేజి ముందుకు మడిచి మీటలపై పెట్టవచ్చును. దానికి మూడు వరుసలలో 28 మీటలే; కాని రెండు షిఫ్టుల వలన ఒక్కొక్క మీట మూడు గుర్తులను, అనగా మొత్తము 84 గుర్తులను అచ్చు వేయును. 1920లో రెమింగ్టను, 1950లో ఒలివెట్టి లెటెరా-22 నాలుగు వరుసల మీటలతో వెలువడినవి.

మీటను నొక్కినపుడు జరుగునదేమి? మీటకు తగిలించిన తులాదండముల వరుస అచ్చు కడ్డీని పైకి విసరును. వ్రేలు కొద్దిగా దిగిన, అక్షరపు తల అనేక రెట్లు దూరము పోయి, రిబ్బను మీదుగా కాగితమును కొట్టును. క్యారేజిని ఎడమకు లాగునది ఒక స్ప్రింగు. మనము క్యారేజిని కుడికి తోసినపుడు మన చేతి శక్తియే ఆ స్ప్రింగులో నిలువయగును. అది ఒక్కసారిగా పరుగెత్తకుండ పండ్ల చక్రమును రెండు కొక్కెములు అడ్డగించును. ఒక్కొక్క దెబ్బకు ఒక్క పన్ను మాత్రమే జారును. అంగుళమునకు పది అక్షరముల మిషనులో ఆ జరుగుబాటు 2.54 మి.మీ. గోడ గడియారములోని సూత్రమును ఇట్టిదే.

తెలుగునకు ఈ ఏర్పాటు చాలునా? 36 హల్లులకు 12 గుణింతముల చొప్పున లెక్కించినను 432 రూపములు; ఒత్తులు అదనము. 42 మీటలకు షిఫ్టుతో 84 గుర్తులే గదా! కనుక అక్షరమును ముక్కలుగా విడదీయవలసి వచ్చినది. కొన్ని మీటలు గుర్తును అచ్చు వేయునే గాని కొక్కెమును కదల్పవు. క్యారేజి నిలిచియుండుటచే తరువాతి అక్షరము అదే చోట పడి రెండును కలిసిపోవును. లిపి కట్టుబాటునకును, యంత్రపు కట్టుబాటునకును కుదిరిన రాజీ ఇది.

పాత మిషను కొనువారు ముందుగా ఒకే అక్షరమును వరుస పొడవునా కొట్టి చూడవలెను. ఎడము హెచ్చుతగ్గులైన కొక్కెములలోనో స్ప్రింగులోనో దోషమున్నదని గ్రహించవలెను. కడ్డీలు అంటుకొనిన నూనె పోయరాదు. నూనెకు దుమ్ము పట్టి మరింత బిగియును. స్పిరిటులో తడిపిన కుంచెతో తుడువవలెను, అది రంగు పూతకు తగులరాదు. రబ్బరు రోలరు గట్టిపడిన, కాగితము వెనుక మరియొక కాగితము చేర్చిన దెబ్బ మెత్తబడును. వానకాలమున తేమ తగులనీయరాదు.

గోద్రెజ్ సంస్థ 1955లో మొదలుపెట్టిన టైపు మిషనుల తయారీని 2009లో నిలిపివేసెను. ఇక మిగిలినవానిని కాపాడుకొనుటయే మార్గము. ఇనుప తుక్కు క్రింద తూచబడిన మిషనుతో దాని పనితనమును పోవును. పాఠశాలలో ఒక్కటి ఉన్నను చాలును. ఉపాధ్యాయుడు మూత తీసి, మీటను మెల్లగా నొక్కించి, క్యారేజి ఏ క్షణమున కదలునో కనిపెట్టుడని పిల్లలను అడుగవచ్చును. తులాదండము, స్ప్రింగు, పండ్ల చక్రము అను మూడు పాఠములు అందు ఒక్కచోటనే కనబడును.