సభ ఎక్కడ జరుపవలెను?

విద్యార్థులారా! ఒక సంఘమువారు సభ జరుపదలచినపుడు పందిరిని గూర్చియు, భోజనములను గూర్చియు, ఉపన్యాసకులను గూర్చియు దీర్ఘముగా చర్చింతురు. స్థలమును మాత్రము “ఎప్పుడును జరుగుచోటనే” యని ఒక్కమాటతో తేల్చివేయుదురు. ఆ ఒక్కమాట వలన ఎవరిపై ఎంత భారము పడుచున్నదో ఈ వ్యాసమున లెక్కించి చూతము.

మన జిల్లానే తీసికొనుడు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వటు ప్రాంతములలో తెలుగు కుటుంబములు కలవు. జిల్లా సభ యనగానే అందరును నాందేడునకు రావలసియుండును. కిన్వటు బాలుడు తెల్లవారకముందే లేచి, చద్దిమూట కట్టుకొని బయలుదేరవలెను. నాందేడు బాలుడు తీరికగా భోజనము ముగించి నడచి పోగలడు. ఒక్క సంవత్సరమైన ఇది లెక్కకు రాదు. పదేండ్లు వరుసగా ఇట్లే జరిగినచో కిన్వటు బాలుడు రాక మానును. అప్పుడు పెద్దలు “వారికి ఆసక్తి లేదు” అందురు. ఆసక్తి లేకపోవుటకును, బస్సు ఖర్చు లేకపోవుటకును గల భేదము హాజరు పట్టికలో కనబడదు.

నేను తెలుగు బోధించువాడను. గణితము నా పని కాదు. అయినను ఈ విషయమునకు కూడికలు, గుణకారములు చాలును. ఒకే బాటపై మూడు ఊళ్లున్నవనుకొనుడు. పడమటి ఊరినుండి నడిమి ఊరు 10 కిలోమీటర్లు, తూర్పు ఊరు 40 కిలోమీటర్లు. సభకు పడమటి ఊరినుండి ఆరుగురు, నడిమి ఊరినుండి ఇద్దరు, తూర్పు ఊరినుండి ఇద్దరు రావలెను. పోవు దూరమును మాత్రమే లెక్కింతము.

సభ పడమటి ఊరిలో జరిగినచో అందరి ప్రయాణమును కలిసి 100 కిలోమీటర్లు. ఇంతకంటె తక్కువ మొత్తము మరి యెచ్చటను రాదు. కాని ఆ నూటిలో 80 కిలోమీటర్లు తూర్పు ఊరి ఇద్దరి పాలికే వచ్చినవి. సరిగా బాట నడుమ, 20వ కిలోమీటరు రాతి యొద్ద జరిపినచో ఎవరును 20 కిలోమీటర్లకు మించి పోనక్కరలేదు. కాని మొత్తము 180 అగును. పైగా అచ్చట ఊరును లేదు, నీరును లేదు. నడిమి ఊరిలో జరిపినచో మొత్తము 120. తూర్పువారికి 30 కిలోమీటర్ల దూరము తప్పదు. మొత్తము తగ్గింపవలెనన్న ఒక చోటు, అధిక భారము తగ్గింపవలెనన్న వేరొక చోటు వచ్చుచున్నది. “న్యాయమైన స్థలము” అను మాటలో రెండు కొలతలు ఇమిడియున్నవి. ఏ కొలతతో కొలుచుచున్నారో ముందుగా చెప్పుకొననిచో తగవు తెగదు.

మూడవ ఉపాయము వంతులు. మూడేండ్లలో మూడూళ్లను తిరిగినచో పడమటివానికి మొత్తము 50, నడిమివానికి 40, తూర్పువానికి 70 కిలోమీటర్లు వచ్చును. ఎప్పుడును పడమటి ఊరిలోనే జరిగినచో ఆ మూడేండ్లలో తూర్పువాడు 120 కిలోమీటర్లు పోవలసియుండెను. పడమటివాడు అడుగైనను కదలకుండెను. అయితే అందరి ప్రయాణపు మొత్తము 300 నుండి 520 కి పెరిగినది. న్యాయమునకు వెల కలదు. ఆ వెలను ఇంతవరకు కదలనివారు చెల్లింపవలసి వచ్చును గనుకనే వంతుల మాట యెత్తగానే కొందరు ముఖము చిట్లింతురు.

ఈ వెల చెల్లించిన పెద్దలు మనకు దూరమువారు కారు. మన నాందేడు 1956 వరకు హైదరాబాదు రాజ్యములో నుండెను. ఆ రాజ్యమున తెలుగువారు నెలకొల్పుకొన్న ఆంధ్రమహాసభ తన మొదటి సమావేశమును 1930 లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరుపుకొన్నది. పిదప 1931 లో దేవరకొండ, 1934 లో ఖమ్మము, 1935 లో సిరిసిల్ల, 1936 లో షాద్‌నగరు, 1937 లో మన పొరుగుననున్న నిజామాబాదు. రాజధానియైన హైదరాబాదు నగరమునకు వంతు 1943 లో వచ్చినది. పట్టణమునకు పోలేని రైతు యొద్దకు సభయే నడచి వచ్చినట్లాయెను.

ఇక ప్రపంచమును చూతము. అచ్చట దూరముతోపాటు సరిహద్దులు, వీసాలు, యుద్ధములు వచ్చి చేరును. గణితశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ మహాసభ 1897 లో స్విట్జర్లండులోని జ్యూరిచ్ నగరమున ఆరంభమై, సాధారణముగా నాలుగేండ్లకొకమారు జరుగుచున్నది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెనుక 1920 లో దానిని స్ట్రాస్‌బర్గులో జరిపిరి. ఆ నగరము 1871 నుండి జర్మనీ పాలనలో నుండి, యుద్ధానంతరము ఫ్రాన్సునకు తిరిగి వచ్చినది. స్థలము నెన్నుకొనుటలోనే విజేతల గర్వము తోచుచున్నది. జర్మనీ, ఆస్ట్రియా, హంగేరీ, బల్గేరియా దేశముల గణితజ్ఞులకు ఆ సభలో ప్రవేశము లేకపోయెను. 1924 లో టొరాంటోలోను అంతే. 1928 లో ఇటలీలోని బొలోన్యా నగరమున పింకెర్లే అను గణితజ్ఞుడు ఆ నిషేధమును తోసిపుచ్చి అన్ని దేశములవారిని ఆహ్వానించెను. జర్మనులకు నాయకుడై వృద్ధుడగు హిల్బర్టు వచ్చెను. స్ట్రాస్‌బర్గులో సుమారు 200 మంది కూడగా, బొలోన్యాలో 800 మందికి పైగా కూడిరి. సభ పేరులో “అంతర్జాతీయ” అని వ్రాసుకొన్నంతమాత్రమున అది అంతర్జాతీయము కాజాలదు. తలుపు ఎవరికి తెరచియున్నదో చూడవలెను.

తలుపు తెరచినను దూరము మిగిలెను. ఈ మహాసభ ఆసియా ఖండమునకు మొదటిసారి వచ్చుటకు తొంబదిమూడేండ్లు పట్టినది: 1990 లో జపానులోని క్యోటో. తరువాత 2002 లో బీజింగు. 2010 ఆగస్టులో మన హైదరాబాదు. భారతదేశమున జరిగిన మొదటి గణిత మహాసభ అది. ప్రారంభించినది నాటి రాష్ట్రపతి, మన మహారాష్ట్ర ఆడపడుచు ప్రతిభా పాటిల్‌గారు. సుమారు మూడువేలమంది వచ్చిరి. ఆ దినములలోనే విశ్వనాథన్ ఆనంద్ ఒకేమారు నలువదిమందితో చదరంగమాడెను. పదునాలుగేండ్ల బాలుడొకడు ఆయనతో ఆటను సరిసమానముగా ముగించెను. సభ సముద్రముల కావల జరిగియుండిన అట్టి బాలునికి ఆ బల్ల ముందు కూర్చుండు భాగ్యము దొరకుట అరిది. నాందేడునుండి హైదరాబాదు రైలులో ఒక్క రాత్రి దూరము. సభ దగ్గరకు వచ్చుటలోని ఫలము ఇది: పెద్దలకు ఖర్చు తగ్గును, పిల్లలకు లోకము కనబడును.

ఈ చరిత్ర ఇంకను పూర్తి కాలేదు. దక్షిణార్ధగోళమునకు వంతు 2018 లో, బ్రెజిల్‌లోని రియో నగరమున వచ్చినది. 1897 నుండి 2022 వరకు ఒక్క సభయు ఆఫ్రికా ఖండమున జరుగలేదు. 2022 సభ రష్యాలోని సెంట్ పీటర్సుబర్గులో జరుగవలసియుండెను. ఆ యేటి ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దండయాత్ర జరుగగా ఉపన్యాసములను అంతర్జాలము ద్వారా నిర్వహించిరి. స్థలమే లేని సభలో వీసా అక్కరలేదు, టిక్కెట్టు అక్కరలేదు. కాని ఒకరికి ఉదయమైన వేళ మరియొకరికి అర్ధరాత్రి. “ఎక్కడ” అను ప్రశ్న పోయి “ఎవరి నిద్రవేళ” అను ప్రశ్న వచ్చినది. అదియును వంతులతో పంచుకొనవలసినదే.

అంతర్జాలము మాట వచ్చినది గనుక దానిని నడుపు సంఘములను గూర్చి రెండు మాటలు. అంతర్జాల నామములను, సంఖ్యలను సమన్వయపరచు ఐకాన్ సంస్థ ప్రపంచమును ఐదు ప్రాంతములుగా విభజించుకొని, తన సభలను ఆ ప్రాంతములలో త్రిప్పుచుండును. ఏ లిపిలో నామములను వ్రాయవచ్చునన్నదియు అచ్చటి చర్చలలో నొకటి. “భారత్” అను దేశనామము తెలుగు లిపిలో అంతర్జాలమున చేరినది 2011 లో. మన అక్షరములను గూర్చి నిర్ణయము జరుగుచోట మన అక్షరములు తెలిసినవారు కూర్చుండుట ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ సంస్థ 2016 లో ఒక సభను పోర్టోరికోలోని శాన్ హువాన్‌లో జరుపనెంచెను. జికా వ్యాధి వ్యాపించుటచే దానిని మార్చి, నవంబరు 3 నుండి 9 వరకు హైదరాబాదులో జరిపిరి. మూడువేలకు పైగా జనులు వచ్చిరి. మనకు సంతోషమే; కాని శాన్ హువాన్ వారి వంతు ఏమయ్యెను? 2017 సెప్టెంబరులో ఆ ద్వీపమును మరియా అను తుపాను ధ్వంసము చేసెను. మరియొక సంఘమైన అచ్చటికి పోవుట మానుకొనియుండెడిదేమో! ఐకాన్ మాత్రము 2018 మార్చిలో శాన్ హువాన్‌లోనే సభ జరిపెను. అట్లే వాయిదాపడిన పనామా వంతును అదే సంవత్సరము జూన్‌లో తీర్చెను. తప్పిన వంతు రద్దయిన వంతు కాదు. అది తీర్పవలసిన అప్పు.

అంతర్జాలపు సాంకేతిక నియమములను వ్రాయు ఐ.ఇ.టి.ఎఫ్. అను ఇంజనీర్ల సంఘము మరియొక మార్గమున నడచుచున్నది. 1986 జనవరిలో అమెరికాలోని శాన్ డియాగోలో 21 మందితో మొదలైన ఈ సంఘము ఇప్పుడు యేడాదికి మూడుసార్లు సమావేశమగును: ఉత్తర అమెరికా, ఐరోపా, ఆసియా ఖండములకు ఒక్కొక్క వంతు. పనిచేయువారు ఎచ్చటినుండి అధికముగా వచ్చుచున్నారో అచ్చటనే సభ జరుపవలెనన్నది దీని మూలసూత్రము. ఇందు న్యాయము లేకపోలేదు. శ్రమించువాడు దూరము పోనేల? కాని చిక్కొకటి కలదు. సభ దగ్గరలేనివాడు రాడు. రానివాడు లెక్కలో చేరడు. లెక్కలో చేరనివాని ఊరికి సభ పోదు. ఈ వలయమును ఎవరో ఒకరు తెంపవలెను. ఐ.ఇ.టి.ఎఫ్. వారు 2020 లో ప్రకటించిన నియమమున, అప్పుడప్పుడు ఈ మూడు ఖండములకు వెలుపలను సమావేశము కావచ్చునను వెసులుబాటు నుంచుకొన్నారు.

కనుక విద్యార్థులారా! రేపు మీరొక సంఘమునకు కార్యదర్శులైనపుడు స్థలనిర్ణయమునకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. అందరికన్న దూరమునుండి వచ్చువాడెవడు? గడచిన మూడేండ్లలో అతడెంత దూరము వచ్చెను, మన మెంత పోతిమి? ఆ చోటికి వచ్చుటకు ఎవరికైనను తలుపు మూసియున్నదా? ఇంతకుముందు మాట యిచ్చి తప్పిన వంతు ఏదైన మిగిలియున్నదా? వచ్చినవారి పేర్లతోపాటు రానివారి పేర్లను గూడ ఒక కాగితముపై వ్రాసికొని, తరువాతి సభకు స్థలము నిర్ణయించుకొనునపుడు దానిని బల్లపై నుంచుకొనుడు. కిన్వటు బాలుని పేరు ఆ కాగితముపై రెండేండ్లు వరుసగా కనబడినచో, మూడవ యేట చద్దిమూట కట్టుకొని తెల్లవారకముందే బయలుదేరవలసినది నాందేడువారు.