బీడింగ్ వెనుక టేపు

కరీంనగర్‌లో ఏపీ 15, ఆదిలాబాద్‌లో ఏపీ 01 నంబరు ప్లేటుతో ఇంకా తిరుగుతున్న కారు ఏదైనా తెలంగాణ ఏర్పడక ముందు కొన్నదే. ఇంజన్ బాగానే ఉంటుంది. తలుపు మీది నల్ల బీడింగ్ మాత్రం కొసన లేచి, రాజీవ్ రహదారి ఎక్కి వేగం అందుకోగానే టపటపా కొట్టుకుంటుంది. గమనించండి, లేచేది దాదాపు ఎప్పుడూ కొసే, నడుమ కాదు.

అంబాసిడర్ కాలంలో మెరిసే లోహపు పట్టీని క్లిప్పులతో బిగించేవారు. క్లిప్పుల కోసం రేకుకు రంధ్రాలు పెట్టాలి. పట్టు గట్టిదే కానీ, ఏ రంధ్రంలో నీరు నిలిచినా అక్కడ తుప్పు మొదలు. రంధ్రం లేకుండా పట్టీ నిలబెట్టే ఉపాయం కార్ల పెయింట్ షాపుల్లోంచే వచ్చింది, అదీ చాలా చుట్టుతిరిగి.

1920ల్లో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు నడిచింది. ఒక రంగు మీద కాగితం అంటించి రెండో రంగు కొట్టేవారు. కాగితం పీకితే దాంతోపాటు కొత్త పెయింటూ లేచొచ్చేది. సెయింట్ పాల్ నగరంలో త్రీఎమ్ కంపెనీ ఉప్పుకాగితం నమూనాలు పట్టుకొని షాపులు తిరిగే రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ఈ తంటా చూశాడు. 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. నొక్కితే అంటుకుంటుంది, లాగితే శుభ్రంగా ఊడుతుంది. 1930 నాటి పారదర్శక టేపూ ఆయనదే. డ్రూ 1980లో కన్నుమూశాడు. సరిగ్గా ఆ ఏడాదే ఆయన కంపెనీ మాస్కింగ్ టేపుకు పూర్తిగా ఎదురు గుణమున్న టేపును బజారుకు తెచ్చింది: ఒకసారి అంటితే వదలనిది, నిలువెల్లా యాక్రిలిక్ ఫోమ్‌తో చేసినది. దాని పేరు వీహెచ్‌బీ. మన షెడ్లలో ఈ జాతి టేపులన్నీ డబుల్ టేపులే.

ఫోమ్ ఎందుకంటే, మన వాతావరణమే జవాబు చెబుతుంది. జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. మే నెల ఎండలో నిలిపిన కారు మీద నల్ల పట్టీ 70 డిగ్రీలకు చేరగలదు. ఈ 60 డిగ్రీల తేడాకు మీటరు పొడవు ఉక్కు రేకు 0.7 మిల్లీమీటర్లు సాగితే, మీటరు ప్లాస్టిక్ పట్టీ సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే పట్టీ నడుమ కదలకపోయినా, రెండు కొసలూ రేకు మీద చెరో 2 మిల్లీమీటర్లు జరగాలని చూస్తాయి. కొసే ముందు లేవడానికి కారణం ఇదే. యాక్రిలిక్ ఫోమ్ తన మందానికి మూడింతల దాకా పక్కకు ఒరిగి తట్టుకోగలదు. ఒక మిల్లీమీటరు మందం ఉంటే చాలు, లెక్క సరిపోతుంది. పల్చటి టేపుకు ఆ జాగా లేదు. సూపర్ గ్లూ గట్టిపడుతుంది కానీ ఒరగదు, ఒక్క వేసవికే పెళుసుగా విరుగుతుంది. నిర్మల్ బొమ్మల పనివాళ్లు చింతగింజల జిగురుతో కాళ్లూ చేతులూ అతికిస్తారు. అక్కడ రెండు వైపులా ఒకే చెక్క, పైగా జిగురు ఊరడానికి సందులున్న చెక్క. కారు తలుపు దగ్గర ఆ సుఖం లేదు. ఒకవైపు నున్నటి పెయింట్, మరోవైపు జిగురుకు సులువుగా లొంగని ప్లాస్టిక్.

తిరిగి అతికించడంలో అసలు పని అంతా అతికించక ముందే. హెయిర్ డ్రయ్యర్‌తో పట్టీని వేడిచేసి, వెనకనుంచి గాలం దారాన్ని రంపంలా లాగితే పెయింట్ గీసుకోకుండా ఊడుతుంది. పాత ఫోమ్‌ను బొటనవేలితో రుద్ది తీసెయ్యాలి. పెట్రోలుతో తుడవడం మనవాళ్ల అలవాటు, అది జిడ్డు పొర వదిలిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిస్తే మేలు. పట్టీ పాలీప్రొపిలీన్‌దైతే ప్రైమర్ తప్పనిసరి. వరుస తప్పకుండా ఉండటానికి రేకు మీద గీతలా మాస్కింగ్ టేపు వేస్తారు. డ్రూ టేపు ఈ పనికీ అక్కరకొచ్చింది.

తర్వాత గట్టిగా నొక్కాలి. 20 నిమిషాల్లో సగం పట్టు, 24 గంటల్లో తొంభై శాతం, పూర్తి పట్టుకు 72 గంటలు. కాబట్టి మూడు రోజులు కారు కడగొద్దు. డిసెంబర్ పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి. చల్లటి రేకు మీద జిగురు పరుచుకోదు. మే నెలలోనైతే నీడకు వెళ్లండి.

మళ్లీ ఊడిందా? టేపును తిట్టే ముందు అది ఎటు మిగిలిందో చూడండి. పట్టీ మీదే ఉంటే రేకు వైపు మైనమో దుమ్మో మిగిలింది. రేకు మీదే ఉంటే ప్లాస్టిక్ పట్టుకోలేదు, ప్రైమర్ కావాలి. ఫోమ్ నడిమికి చీలి రెండు వైపులా మిగిలితే అది ముసలిదైంది, లేదా బరువు ఎక్కువైంది. టేపుకు కారు రంగే అంటుకొని వస్తే మాత్రం జిగురు తన పని చేసింది. పాత డెంటింగ్ మీద కొట్టిన పెయింటే రేకును వదిలేసింది. ముందు పెయింటర్ దగ్గరికి వెళ్లాల్సిందే.