మహమ్మారి కాలంలో అంగడి

అంగడి కేవలం సరుకులు అమ్మే స్థలం కాదు. అది మనుషులు కలుసుకునే చోటు కూడా. తెలుగు 'అంగడి' సరసన ఉర్దూ ద్వారా మనకు చేరిన 'దుకాణం', 'బజారు', 'బాకీ', 'రసీదు' వంటి మాటలు స్థిరపడడమే ఇందుకు నిదర్శనం. అట్టి అంగడి స్వరూపాన్ని కరోనా ఆంక్షలు ఎలా మార్చాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2020 మార్చి 25న, సరిగ్గా ఉగాది నాడు, దేశమంతటా లాక్‌డౌన్ ప్రారంభమైంది. నిత్యావసర దుకాణాలకు ఉదయం వేళ కొన్ని గంటలు మాత్రమే అనుమతి లభించింది. మే 21 వరకు ఆర్టీసీ బస్సులు ప్రయాణికుల కోసం నడవలేదు. పెద్ద కొనుగోళ్లకు కనిగిరి వెళ్లే హనుమంతునిపాడు వంటి గ్రామాలకు ఊరి చిల్లర కొట్టే ఆధారమైంది.

ఆంక్షలు మొదట మార్చినది కొనుగోలు పద్ధతిని. పూర్వం పప్పు చేతిలోకి తీసుకొని చూసేవారు. బియ్యపు గింజ కొరికి చూసేవారు. వంకాయలు ఏరుకొని బేరమాడేవారు. ఆంక్షల కాలంలో కొట్ల ముందు సున్నంతో వలయాలు గీశారు. వాటిలో దూరదూరంగా నిలబడి, చీటీ అందించి, తూచి ఇచ్చినది తీసుకొని వెళ్లవలసి వచ్చింది. సరుకు మంచిచెడ్డలు నిర్ణయించే అధికారం కొనేవాని చేతి నుండి అమ్మేవాని నిజాయితీకి మారింది.

ఈ మార్పు అందరికీ ఒకే విధంగా తగలలేదు. నెల సరుకులు ఒక్కసారే కొనగలవారు త్వరగా సర్దుకున్నారు. ఏ రోజు కూలితో ఆ రోజు సరుకు కొనుక్కునేవారికి పనీ లేదు, సమయమూ లేదు. 2020 ఏప్రిల్ నుండి కేంద్ర ప్రభుత్వం మనిషికి నెలకు 5 కిలోల ఆహారధాన్యం ఉచితంగా ఇచ్చింది. కాని నూనె, ఉప్పు, సబ్బు కొట్టులోనే కొనాలి. చేతిలో డబ్బు లేనివారికి అరువు ఒక్కటే శరణ్యం.

పండుగ బజారు కూడా మారింది. 2020 రంజాను మాసం పూర్తిగా లాక్‌డౌన్‌లోనే గడిచింది. ఇఫ్తారు వేళకు ముందు పండ్లకు, ఖర్జూరాలకు సాగే సాయంకాలపు సందడి ఉదయపు గంటలలోకి కుదించుకుపోయింది. 2021లోనూ ఇదే పరిస్థితి ఎదురైంది. మే 5 నుండి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ మొదలయ్యేది. ఈద్ మే 14న వచ్చింది.

నోట్లు తాకడానికి జంకిన జనం ఫోను చెల్లింపులకు అలవాటుపడ్డారు. 2020 ఏప్రిల్‌లో దేశంలో సుమారు 100 కోట్లుగా ఉన్న యూపీఐ చెల్లింపుల సంఖ్య అక్టోబరు నాటికి 207 కోట్లకు చేరింది. ఈ సౌకర్యం ప్రశంసనీయమే. అయితే ఫోను ద్వారా చెల్లించాలంటే బ్యాంకులో సొమ్ము ఉండాలి. కొట్టువాని ఖాతా పుస్తకంలో మాత్రం సొమ్ము లేనివాని పేరు కూడా ఉంటుంది. అతడు రేపు తీర్చగలడన్న నమ్మకమే ఆ పద్దుకు హామీ.

ఆంక్షలు తొలగిపోయాయి, సున్నపు వలయాలు చెరిగిపోయాయి. వరుసలో నిలబడే క్రమశిక్షణ, పరిశుభ్రత మనం నిలుపుకోదగినవి. విద్యార్థులు తమ ఇంటి పెద్దలకు ఫోను చెల్లింపులలోని జాగ్రత్తలు నేర్పాలి. దానితోపాటు, ఆపత్కాలంలో అరువిచ్చిన ఊరి కొట్టును, చౌకగా దొరికే చోటు మరొకటి ఉన్నదని మరచిపోకూడదు.